కంటైనర్ ఇమేజ్‌లో పిప్‌తో గ్లోబల్‌గా వేయొచ్చా? ముందు ఆ పైథాన్ ఎవరిదో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయనగరంలో చిన్న టీమ్‌గా ఉండి, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి స్టాకు లెక్కల యాప్ చేస్తున్నారు. ఫ్లాస్క్ (వెబ్ యాప్ ఫ్రేమ్‌వర్క్), పాండాస్ (డేటా లెక్కల లైబ్రరీ), వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఇన్నాళ్ళూ డాకర్‌ఫైల్‌లో (యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ ఇమేజ్‌గా ఎలా కట్టాలో రాసే ఫైలు) ఉబుంటు 22.04 బేస్‌గా పెట్టి, ఏపీటీతో (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్) పైథాన్, పిప్ (పైథాన్ లైబ్రరీలు వేసే టూల్) వేసుకుని, రిక్వైర్‌మెంట్స్ (యాప్‌కి కావాల్సిన లైబ్రరీలు) అన్నీ నేరుగా గ్లోబల్‌గా వేసేవారు. 24.04కి మార్చగానే బిల్డ్ మధ్యలో ఆగిపోయి "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ వచ్చింది. మీ సీనియర్ "పిప్‌కి బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్ పెట్టేయ్, అదే పోతుంది" అన్నారు. ఏదో వీడియోలో వెన్వ్ (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్) చేసుకోమన్నారు. మీ ఫ్రెండేమో "కంటైనర్ అంటేనే ఐసొలేషన్, అందులో మళ్ళీ వెన్వ్ దేనికి" అని నవ్వాడు. మూడింట్లో ఏది సరైనది అని నీ టెన్షన్.

ఒక చిన్న విషయం ముందే చెప్పేస్తాను. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను, కాబట్టి కమాండ్లు, పాత్‌లు కూడా తెలుగు అక్షరాల్లోనే పడతాయి. చదివేటప్పుడు మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకో.

నా జవాబు: గ్లోబల్‌గానే వేసుకో, తప్పేం లేదు. కానీ ఉబుంటు పైథాన్ మీద వద్దు. డాకర్‌ఫైల్ మొదటి లైన్‌లో ఉబుంటు తీసేసి డాకర్ హబ్‌లో ఉన్న అఫీషియల్ పైథాన్ ఇమేజ్ పెట్టు. ఆ ఎర్రరే రాదు, ఆప్షనూ అక్కర్లేదు, చాలావరకు వెన్వ్ కూడా అక్కర్లేదు. ఎందుకో తెలియకుండా మార్చితే రేపు ఇంకో చోట ఇరుక్కుంటావు గనక మిగతాది కూడా చదువు.

ఆ ఎర్రర్ వెనక ఉన్నది పెప్ 668 అనే పైథాన్ మెరుగుదల ప్రతిపాదన. లినక్స్ డిస్ట్రోలో (ఉబుంటు, డెబియన్ లాంటివి) వచ్చే పైథాన్ డిస్ట్రో వాడకం కోసం వచ్చింది. దాని మీద ఏపీటీ ఒకవైపు, పిప్ ఒకవైపు ప్యాకేజీలు వేస్తుంటే ఒకరు పెట్టిన ఫైళ్ళను ఇంకొకరు తొక్కేస్తారు. ఏళ్ళ తరబడి జనం సుడోతో, అంటే రూట్ అధికారంతో, పిప్ కొట్టి మెషీన్లు పాడుచేసుకున్నాక వచ్చిన పరిష్కారం ఇది. డిస్ట్రో వాళ్ళు తమ పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ ఫోల్డర్‌లో ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్ అనే పేరుతో ఒక ఫైలు పెడతారు. ఉబుంటు 24.04లో అది /యూఎస్ఆర్/లిబ్/పైథాన్3.12 కింద ఉంటుంది. పిప్ పని మొదలుపెట్టే ముందు ఆ ఫైలు ఉందా అని చూస్తుంది. ఉండి, నువ్వు వెన్వ్ లోపల లేకపోతే, ఆగిపోతుంది. అంతే, ఇందులో వేరే మాయ ఏమీ లేదు. పిప్ 23.0 నుంచి, అంటే 2023 జనవరి నుంచి ఈ పరీక్ష ఉంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 దాన్ని పెట్టింది, ఉబుంటు 24.04లోనూ ఉంది. నీ 22.04లో ఉన్నది పైథాన్ 3.10, పిప్ 22. అప్పటికి ఈ పద్ధతి లేదు. అందుకే నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగింది. నీ కోడ్ తప్పు కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అదే పెప్ 668లో కంటైనర్ల గురించి విడిగా రాశారు. ఒకే అప్లికేషన్ నడపడానికి ఇచ్చే కంటైనర్ ఇమేజ్‌లలో డిస్ట్రో వాళ్ళు ఆ ఫైలు తీసేస్తే మంచిదని, తర్వాత అప్‌డేట్లు వేసినా అది మళ్ళీ రాకుండా చూడమని సూచన. అంటే నీ ఫ్రెండ్ అన్న మాట ఆ ప్రతిపాదన రాసినవాళ్ళకీ తట్టింది. మరి నీకెందుకు ఎర్రర్ వచ్చింది? ఉబుంటు బేస్ ఇమేజ్‌లో అసలు పైథాన్ ఉండదు. నువ్వు ఏపీటీతో వేసినప్పుడు డిస్ట్రో ప్యాకేజీ ఎలా ఉందో అలాగే దిగుతుంది, ఆ ఫైలుతో సహా. అది దిగుతున్నది ల్యాప్‌టాప్‌లోనా, సర్వర్‌లోనా, కంటైనర్‌లోనా అన్నది ఏపీటీకి తెలియదు.

అయితే ఫ్రెండ్ మాటలో ఒక లోపం ఉంది. కంటైనర్ నీ యాప్‌ను బయటి మెషీన్ నుంచి వేరు చేస్తుంది. లోపలున్న ఉబుంటు నుంచి వేరు చేయదు. మేడ మొత్తం నీకే అద్దెకిచ్చారనుకో, కానీ కింద వాటాలో ఇంటివాళ్ళు ఉంటూనే ఉన్నారు. వాళ్ళ వంటింట్లో సామాన్లు నువ్వు సర్దితే గొడవ రాకుండా ఎలా ఉంటుంది? అందుకే నేను ఎప్పుడూ అడిగేది "కంటైనరా కాదా" అని కాదు, "ఈ పైథాన్ ఎవరిది" అని.

నీ స్టాక్‌తోనే చూపిస్తాను. డాకర్‌ఫైల్‌లో చాలామంది అలవాటుగా సాఫ్ట్‌వేర్-ప్రాపర్టీస్-కామన్ అనే ప్యాకేజీ వేస్తారు, ఏదో పీపీఏ (ఉబుంటుకి బయటి నుంచి ప్యాకేజీలు ఇచ్చే రిపాజిటరీ) జోడించాలని. అది పైథాన్‌లో రాసిన టూల్. దాని వెనక ఒక గొలుసుగా ఇంకొన్ని పైథాన్ లైబ్రరీలు వస్తాయి, వాటిలో బ్లింకర్ ఒకటి. ఫ్లాస్క్‌కి కూడా బ్లింకర్ కావాలి, కానీ కొత్త ఫ్లాస్క్‌కి కొత్త బ్లింకర్ కావాలి. పిప్ ఏం చేస్తుంది? పాతది తీసి కొత్తది వేద్దామని చూస్తుంది. పాతదాన్ని వేసింది ఏపీటీ కాబట్టి దాని ఫైళ్ళ జాబితా పిప్ దగ్గర ఉండదు. "కెనాట్ అన్‌ఇన్‌స్టాల్ బ్లింకర్, రికార్డ్ ఫైల్ నాట్ ఫౌండ్, ఈ ప్యాకేజీని డెబియన్ వేసింది" అన్న అర్థంలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ ఎర్రర్ నెట్‌లో వెతికితే నీలాంటి ఫ్లాస్క్ వాళ్ళే కుప్పలుగా కనిపిస్తారు. గమనించు, ఇదంతా కంటైనర్ లోపలే జరుగుతోంది, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ పెట్టిన తర్వాత కూడా జరుగుతుంది. అప్పుడు ఇంకెవరో "ఇగ్నోర్ ఇన్‌స్టాల్డ్ పెట్టు" అంటారు. ఒక ఆప్షన్ మీద ఇంకో ఆప్షన్. అక్కడితో బిల్డ్ పాస్ అవుతుంది, కానీ ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఇమేజ్‌లో కూర్చుంటాయి.

ఆ రెండూ ఎక్కడ కూర్చుంటాయో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. డెబియన్, ఉబుంటు పైథాన్‌లో ఏపీటీ వేసేవి /యూఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్‌లోకి వెళ్తాయి. అదే పైథాన్‌తో పిప్ గ్లోబల్‌గా వేసేవి /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/డిస్ట్-ప్యాకేజెస్‌లోకి వెళ్తాయి. ఇంపోర్ట్ చేసేటప్పుడు లోకల్‌నే ముందు వెతుకుతుంది. అంటే నువ్వు పిప్‌తో వేసిన కొత్త వెర్షన్ నీ యాప్‌కి మాత్రమే కాదు, ఆ ఇమేజ్‌లో సిస్టమ్ పైథాన్‌తో నడిచే ప్రతి టూల్‌కీ తగులుతుంది. పాత వెర్షన్‌కి అలవాటు పడ్డ టూల్ అక్కడ పడిపోతుంది.

పైథాన్3 లింకును వేరే వెర్షన్‌కి మార్చేయడం దీనికి అన్న లాంటిది. ఉబుంటులో /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకును 3.11కో 3.13కో తిప్పేసి, కాసేపయ్యాక యాడ్-ఏపీటీ-రిపాజిటరీ కొడితే "ఏపీటీ అండర్‌స్కోర్ పీకేజీ అనే మాడ్యూల్ లేదు" అని పడుతుంది. ఆ మాడ్యూల్‌ను డిస్ట్రో తన సొంత పైథాన్ వెర్షన్‌కి కంపైల్ చేసి ఇచ్చింది మరి. రెడ్ హ్యాట్ వైపు ఇంకా ఘోరం, ప్యాకేజీ మేనేజర్ డీఎన్ఎఫ్ పైథాన్‌లోనే రాశారు. సిస్టమ్ పైథాన్ చెడితే రిపేరు చేసుకోడానికి వేయాల్సిన ప్యాకేజీ కూడా వేయలేవు. రెడ్ హ్యాట్ 8లో ప్లాట్‌ఫామ్-పైథాన్ అని డీఎన్ఎఫ్ లాంటి సిస్టమ్ టూల్స్ కోసం వేరే ఇంటర్‌ప్రెటర్ దాచి పెట్టింది ఇలాంటి గొడవలు చూసే.

సరే, మీ సీనియర్ చెప్పిన ఆప్షన్ సంగతి. దాని పేరు భయపెట్టేలా ఉంది గానీ, పెట్టగానే ఏదీ విరగదు. పరీక్ష దాటేయ్ అని పిప్‌కి చెప్పడం, అంతే. ఉబుంటు బేస్ తప్పనిసరి అయి, ఇమేజ్‌లో ఏపీటీ నుంచి వచ్చిన పైథాన్ లైబ్రరీలు ఏవీ లేక, నీ యాప్ ఒక్కటే పైథాన్ వాడుతుంటే, ఆ ఆప్షన్‌తో ఏళ్ళ తరబడి హాయిగా నడిచే ఇమేజ్‌లు ఉన్నాయి. మీ సీనియర్ అలాంటి ప్రాజెక్టులు చేసి ఉంటారు. పెడితే ఆప్షన్‌గా కాకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టు: పిప్_బ్రేక్_సిస్టమ్_ప్యాకేజెస్ ఈక్వల్స్ 1. కారణం, ఈ ఆప్షన్ పిప్ 23.0.1లో వచ్చింది. అంతకన్నా పాత పిప్‌కి ఆప్షన్‌గా ఇస్తే "అలాంటి ఆప్షన్ లేదు" అని పడిపోతుంది. వేరియబుల్ అయితే తెలియని దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఒకే స్క్రిప్ట్ 22.04లోనూ 24.04లోనూ నడవాలంటే ఇది పనికొస్తుంది. ఆ ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్ ఫైలును ఆర్ఎమ్ కొట్టి తీసేసేవాళ్ళూ ఉన్నారు. పని జరుగుతుంది, కానీ పైథాన్ ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఫైలు తిరిగొస్తుంది, ఏ ఆర్నెల్లకో బిల్డ్ మళ్ళీ ఆగితే కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అఫీషియల్ పైథాన్ ఇమేజ్ దగ్గరికి వద్దాం. పైథాన్ కోలన్ 3.12-స్లిమ్ (చిన్న సైజు రకం) లాంటివి. ఇవి కూడా డెబియన్ మీదే కట్టినవి, కానీ పైథాన్‌ను ఏపీటీతో వేయరు. సోర్స్ నుంచి కంపైల్ చేసి /యూఎస్ఆర్/లోకల్ కింద పెడతారు. ఆ పైథాన్‌ని డెబియన్ వాడదు, డెబియన్‌కి అది ఉందని కూడా తెలియదు. ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్ ఫైలు ఉండదు. పిప్ వేసేవి /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్‌లోకి వెళ్తాయి. అక్కడ నీ యాప్ తప్ప ఇంకెవరూ ఉండరు. ఇక్కడ మాత్రం నీ ఫ్రెండ్ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, కొత్తవాళ్ళు తప్పకుండా పడతారు. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడటానికి సైకోపీజీ2 అనే లైబ్రరీ కావాలి కదా. స్లిమ్‌లో పిప్‌తో వేస్తే పీజీ_కాన్ఫిగ్ దొరకలేదని, అది ఉంటే జీసీసీ (సీ కంపైలర్) లేదని ఏడుస్తుంది. అప్పుడు "ఏపీటీలో పైథాన్3-సైకోపీజీ2 ఉంది కదా" అని అది వేస్తారు. వేయడం పూర్తవుతుంది, యాప్ నడిపితే "మాడ్యూల్ లేదు" అంటుంది. ఎందుకంటే ఏపీటీ ఆ లైబ్రరీతోపాటు డెబియన్ సొంత పైథాన్‌ను కూడా దించింది. ఇప్పుడు ఇమేజ్‌లో రెండు పైథాన్లు: /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో నీది, /యూఎస్ఆర్/బిన్‌లో డెబియన్‌ది. సైకోపీజీ2 రెండోదానికి వెళ్ళింది, యాప్ మొదటిదానితో నడుస్తోంది. ఇమేజ్ సైజు కూడా ఊరికే పెరిగింది. పైథాన్ ఇమేజ్ వాడుతున్నప్పుడు ఏపీటీలో పైథాన్3- అని మొదలయ్యే ఏ ప్యాకేజీ జోలికీ వెళ్ళకు. ఏపీటీతో వేయాల్సింది సీ లైబ్రరీలు మాత్రమే, లిబ్‌పీక్యూ5 లాంటివి. లేదా సైకోపీజీ2-బైనరీ అని వీల్ (ముందే కంపైల్ చేసి ఇచ్చే ప్యాకేజీ) ఉంది. మీ స్టాకు లెక్కల యాప్ స్థాయికి అది చాలు.

ట్యాగ్‌ను 3.12-స్లిమ్ అని వదిలేయకుండా 3.12-స్లిమ్-బుక్‌వార్మ్ అని డెబియన్ పేరుతో సహా రాయి (బుక్‌వార్మ్ అంటే డెబియన్ 12). 2025 ఆగస్టులో డెబియన్ 13 ట్రిక్సీ వచ్చాక పేరు లేని స్లిమ్ ట్యాగులు దాని మీదికి మారాయి. నువ్వేమీ ముట్టుకోకుండానే కింద డెబియన్ మారిపోయి, ఏపీటీ ప్యాకేజీ పేర్లు తేడా వచ్చి బిల్డ్ పడిపోయినవాళ్ళు ఉన్నారు. ఆల్పైన్ ఇమేజ్ చిన్నది కదా అని దాని మీదికి వెళ్ళాలనిపిస్తే ఆగు. అందులో సీ లైబ్రరీ జీలిబ్‌సీ కాదు, మజల్. మామూలు మెనీలినక్స్ వీల్స్ దానిలో పనిచేయవు. మజల్‌లినక్స్ వీల్ ఉన్న ప్యాకేజీ అయితే సరే, లేనిది అయితే సోర్స్ నుంచి కంపైల్ అవుతూ కూర్చుంటుంది. మిగిలే కొన్ని ఎంబీల కోసం ఆ గోల పడే ఓపిక నాకు లేదు.

మరి వెన్వ్ దేనికి? కంటైనర్‌లో వెన్వ్ అస్సలు వద్దనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కొన్ని చోట్ల అదే శుభ్రమైన దారి.

మొదటిది మల్టీ-స్టేజ్ బిల్డ్. ఒక స్టేజ్‌లో జీసీసీ, హెడర్ ఫైళ్ళు అన్నీ పెట్టుకుని ప్యాకేజీలు కంపైల్ చేసి, రెండో స్టేజ్‌లోకి ఫలితాన్ని మాత్రమే కాపీ చేస్తావు. గ్లోబల్‌గా వేస్తే ఏం కాపీ చేయాలి? సైట్-ప్యాకేజెస్ ఒక్కటీ తెచ్చుకుంటే గూనికార్న్ (ఫ్లాస్క్ యాప్‌ను నడిపే సర్వర్) కమాండ్ రాదు, అది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉంటుంది. బిన్ మొత్తం తెస్తే దానితో ఇంకేవేవో వస్తాయి. వెన్వ్ అయితే ఒకే ఫోల్డర్. /ఆప్ట్/వెన్వ్ అని చేసి, దాన్నే కాపీ చేసి, పాత్ వేరియబుల్‌లో /ఆప్ట్/వెన్వ్/బిన్‌ను ముందు పెడితే సరిపోతుంది. రెండు షరతులు. ఒకటి, రెండు స్టేజ్‌లలోనూ వెన్వ్ ఒకే పాత్‌లో ఉండాలి, ఎందుకంటే గూనికార్న్ లాంటి స్క్రిప్టుల మొదటి లైన్‌లో పూర్తి పాత్ రాసి ఉంటుంది, వెన్వ్‌లోని పైథాన్ కూడా బయటి పైథాన్‌కి ఒక లింకే. రెండు, రెండు స్టేజ్‌ల డెబియన్ వెర్షన్ ఒకటే కావాలి. ట్రిక్సీలో కంపైల్ చేసి బుక్‌వార్మ్‌లో నడిపితే జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదని పడొచ్చు.

రెండోది, ఒకే ఇమేజ్‌లో యాప్‌తోపాటు పైథాన్‌లో రాసిన వేరే టూల్ కూడా ఉండాల్సి రావడం. ఏడబ్ల్యూఎస్ కమాండ్ టూల్ వెర్షన్ 1 మంచి ఉదాహరణ. దానికి బోటోకోర్ అనే లైబ్రరీ ఒక కచ్చితమైన వెర్షన్ కావాలి, నీ యాప్‌లో బోటో3 (ఏడబ్ల్యూఎస్‌తో మాట్లాడే లైబ్రరీ) ఉంటే దానికి వేరేది కావాలి. ఒకే చోట వేస్తే ఒకటి రెండోదాన్ని కిందికి లాగుతుంది. అప్పుడు టూల్‌కి వేరే వెన్వ్, యాప్ గ్లోబల్. లేదా టూల్‌నే ఇంకో కంటైనర్‌లో పెట్టు.

మూడోది, బేస్ ఇమేజ్ నీ చేతిలో లేకపోవడం. క్లయింటు సెక్యూరిటీ వాళ్ళు "ఈ ఉబుంటు ఇమేజ్ తప్ప ఇంకోటి వాడొద్దు" అంటారు. అక్కడ ఏపీటీతో పైథాన్3-వెన్వ్ వేసి, వెన్వ్ చేసుకోవడం నా అలవాటు, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ కాదు. డిస్ట్రో నుంచే రావాల్సిన లైబ్రరీలు, రాస్ రోబోటిక్స్ ఇమేజ్‌లలో ఉండేలాంటివి, వాటితో కలిపి వాడాలంటే వెన్వ్ చేసేటప్పుడు సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ అనే ఆప్షన్ ఇస్తే అవి కూడా కనబడతాయి.

వెన్వ్ వాడితే యాక్టివేట్ జోలికి పోకు. రన్ లైన్‌లో సోర్స్ యాక్టివేట్ అని రాస్తే రెండు విధాలా చెడుతుంది. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో రన్ లైన్ నడిచేది ఎస్‌హెచ్‌తో, బాష్‌తో కాదు, దానికి సోర్స్ అనే కమాండే తెలియదు. బాష్‌తో నడిపినా, ప్రతి రన్ లైన్‌కీ కొత్త షెల్ మొదలవుతుంది, యాక్టివేట్ చేసింది తర్వాతి లైన్‌కి ఉండదు. ఎన్వ్ లైన్‌లో పాత్ మార్చడమే యాక్టివేట్ చేసినట్టు. అది నడుస్తున్న కంటైనర్‌కీ, డాకర్ ఎగ్జిక్‌తో లోపలికి వెళ్ళినప్పుడూ వర్తిస్తుంది.

ఇంకోటి. వెన్వ్‌ను యాప్ ఫోల్డర్ లోపల పెట్టకు. డెవలప్‌మెంట్‌లో కంపోజ్ ఫైలుతో మీ ల్యాప్‌టాప్ కోడ్‌ను /యాప్ మీద మౌంట్ చేస్తారు కదా, ఆ మౌంట్ ఇమేజ్‌లోని /యాప్ మొత్తాన్ని కప్పేస్తుంది, వెన్వ్‌తో సహా. "బిల్డ్‌లో ఫ్లాస్క్ పడింది, నడిపితే ఫ్లాస్క్ లేదంటోంది" అనే ప్రశ్నల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది. యూవీ (పిప్‌కి బదులుగా వాడే టూల్) వాడేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే యూవీ సింక్ మామూలుగా ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే డాట్-వెన్వ్ చేస్తుంది. దానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో వేరే పాత్ ఇవ్వొచ్చు, లేదా యూవీ పిప్ ఇన్‌స్టాల్‌కి సిస్టమ్ అనే ఆప్షన్ ఇచ్చి గ్లోబల్‌గా వేయొచ్చు. యూవీ వేగం మాత్రం నిజంగా బాగుంటుంది. డాకర్ ఇగ్నోర్ ఫైలులో డాట్-వెన్వ్ రాయడం మర్చిపోకు, లేకపోతే కాపీ లైన్ నీ విండోస్ ల్యాప్‌టాప్‌లోని వెన్వ్‌ను మోసుకెళ్ళి లినక్స్ ఇమేజ్‌లో పడేస్తుంది.

రూట్ వార్నింగ్ గురించి కూడా అడిగావు. "రూట్ యూజర్‌గా పిప్ నడిపితే పర్మిషన్లు చెడొచ్చు" అని పసుపు రంగులో వచ్చేది. బిల్డ్ సమయంలో రూట్‌గా పిప్ నడపడం మామూలే. పైథాన్ ఇమేజ్‌లో అయితే ఆ హెచ్చరికకు పెద్ద అర్థం లేదు. పిప్_రూట్_యూజర్_యాక్షన్ ఈక్వల్స్ ఇగ్నోర్ అని ఎన్వ్‌లో పెడితే నోరు మూసుకుంటుంది. యాప్ నడిచేటప్పుడు మాత్రం రూట్ వద్దు. రూట్‌గా వేసిన ప్యాకేజీలను వేరే యూజర్ చదవగలడు, నడపగలడు, మార్చలేడు. మనకి కావాల్సింది అదే. ఎవరైనా యాప్‌లో కన్నం వేసినా లైబ్రరీలు తిరగరాయలేరు.

అయితే యూజర్ లైన్ ఎక్కడ పెడతావన్నది ముఖ్యం. పిప్ లైన్ కన్నా ముందు పెడితే పిప్ "సైట్-ప్యాకేజెస్‌లో రాయలేను, యూజర్ ఇన్‌స్టాల్ చేస్తున్నా" అని చెప్పి ఆ యూజర్ హోమ్‌లోని డాట్-లోకల్‌లో వేసేస్తుంది. బిల్డ్ పాస్ అవుతుంది. నడిపేటప్పుడు గూనికార్న్ దొరకదు, ఎందుకంటే హోమ్/డాట్-లోకల్/బిన్ పాత్‌లో లేదు. దీనికి తలకిందుల కేసు కూడా ఉంది: రూట్‌గా ఉండి డ్యాష్ డ్యాష్ యూజర్ ఆప్షన్‌తో వేసి, తర్వాత వేరే యూజర్‌కి మారడం. ప్యాకేజీలు /రూట్ లోపల చిక్కుకుంటాయి, ఆ ఫోల్డర్‌ను వేరే యూజర్ తెరవలేడు. పాత మల్టీ-స్టేజ్ వ్యాసాల్లో ఈ యూజర్ ట్రిక్ కనిపిస్తుంది. ఇప్పుడు దాని అవసరం లేదు.

నువ్వు పక్కన చెప్పిన ఇంకో మాట నాకు ఆసక్తిగా అనిపించింది. ఫ్యాక్టరీ ఆఫీసులో ఉన్న చిన్న సర్వర్‌కి ఇమేజ్ మొబైల్ హాట్‌స్పాట్ మీద దించుతున్నారని, ప్రతి చిన్న మార్పుకీ మళ్ళీ మొత్తం దిగుతోందని. పలాస, కాశీబుగ్గ వైపు నెట్ ఎలా ఉంటుందో శ్రీకాకుళంలో కూర్చుని పనిచేసే నాకు చెప్పక్కర్లేదు. ఇక్కడ లేయర్ల (కాపీ, రన్ లాంటి ఒక్కో లైన్ ఇమేజ్‌లో చేర్చే పొరల) వరస నీకు నిజంగా డబ్బు మిగిలిస్తుంది. నువ్వు పెట్టిన ఫైలులో కాపీ చుక్క చుక్క ముందు, పిప్ తర్వాత ఉంది. కోడ్‌లో ఒక అక్షరం మారినా ఆ కాపీ లేయర్ మారుతుంది, దాని కింద ఉన్నవన్నీ, పాండాస్, అది వాడే నంపై లైబ్రరీతో సహా, మళ్ళీ తయారై మళ్ళీ దిగుతాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఒక్కటీ ముందు కాపీ చేసి, పిప్ నడిపి, ఆ తర్వాత కోడ్ కాపీ చెయ్యి. అప్పుడు రోజువారీ మార్పుల్లో ఫ్యాక్టరీకి దిగేది చివరి చిన్న లేయర్ మాత్రమే. పెద్ద లేయర్లు ఆ సర్వర్‌లో ముందే ఉంటాయి.

పిప్ లైన్‌లో నో-క్యాష్-డిర్ పెట్టు, లేకపోతే దించిన వీల్ ఫైళ్ళు కూడా ఇమేజ్‌లో ఉండిపోతాయి. విజయనగరం ఆఫీసులో బిల్డ్ కూడా నెట్ వల్ల నెమ్మదిగా ఉంటే దానికి బదులు బిల్డ్‌కిట్ (డాకర్ బిల్డ్ ఇంజిన్) క్యాష్ మౌంట్ వాడు: రన్ లైన్‌లో మౌంట్ టైప్ క్యాష్, టార్గెట్ /రూట్/డాట్-క్యాష్/పిప్. క్యాష్ బిల్డ్ మెషీన్‌లో ఉంటుంది, ఇమేజ్‌లోకి రాదు. ఈ రెండూ కలిపి పెట్టకు, ఒకదాన్ని ఇంకొకటి చంపేస్తుంది. జీసీసీని ఒక రన్ లైన్‌లో వేసి ఇంకో రన్ లైన్‌లో తీసేస్తే సైజు తగ్గదని కూడా గుర్తుంచుకో. పాత లేయర్‌లో అది అలాగే ఉంటుంది, పైన కనిపించకుండా పోతుందంతే. స్లిమ్ కాని పూర్తి పైథాన్ ఇమేజ్ దాదాపు 1 జీబీ. స్లిమ్ అయితే అందులో ఏడెనిమిదో వంతు. కంపైల్ అవసరం లేని మీ యాప్‌కి స్లిమ్ చాలు.

రిక్వైర్‌మెంట్స్‌లో వెర్షన్లు లేకుండా ఉత్త పేర్లు రాశావు. గ్లోబల్, వెన్వ్ అన్న గొడవ కన్నా ఇది నాకు ఎక్కువ భయం. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చినప్పుడు పాత పాండాస్‌ను పిన్ చేసి (వెర్షన్ కచ్చితంగా రాసి) నంపైని వదిలేసినవాళ్ళ ఇమేజ్‌లు, ఏమీ మార్చకుండా మళ్ళీ బిల్డ్ చేసినందుకే పడిపోయాయి. పాత నంపైకి కంపైల్ చేసిన పాండాస్ కొత్త నంపైతో "డీటైప్ సైజ్ మారింది" అని ఆగిపోయింది. వెన్వ్ ఉన్నా అదే జరుగుతుంది. నేరుగా వాడేవే కాదు, వాటి వెనక వచ్చేవి కూడా వెర్షన్‌తో సహా రాసి పెట్టాలి. పిప్-కంపైల్‌తో చేసుకుంటావో, యూవీ లాక్‌తో చేసుకుంటావో నీ ఇష్టం.

ఇవన్నీ కలిపితే నీ డాకర్‌ఫైల్ ఇలా ఉంటుంది. ఫ్రమ్ పైథాన్ 3.12-స్లిమ్-బుక్‌వార్మ్. ఎన్వ్‌లో పైథాన్ అన్‌బఫర్డ్ 1, లేకపోతే లాగ్‌లు ఆలస్యంగా వస్తాయి; పిప్ రూట్ యూజర్ యాక్షన్ ఇగ్నోర్. వర్క్‌డిర్ /యాప్. కాపీ రిక్వైర్‌మెంట్స్. రన్ పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్, నో-క్యాష్-డిర్, -ఆర్ రిక్వైర్‌మెంట్స్. ఆ లైన్ చివరే రెండు యాంపర్సాండ్లు పెట్టి పిప్ చెక్. వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది, ఫ్యాక్టరీలో కాదు. తర్వాత రన్ యూజర్‌యాడ్. కాపీ చుక్క చుక్క. యూజర్ మార్పు. సీఎమ్‌డీలో గూనికార్న్. ఏపీటీ లైనే లేదు చూడు, సైకోపీజీ2-బైనరీ వాడుతున్నావు కాబట్టి అక్కర్లేదు. పిప్ అని నేరుగా కాకుండా పైథాన్ -ఎమ్ పిప్ అని రాయమన్నది ఎందుకంటే, ఏ పైథాన్‌తో యాప్ నడుస్తుందో అదే పైథాన్‌కి ప్యాకేజీలు వెళ్తాయని గ్యారంటీ.

బిల్డ్ అయ్యాక ఇమేజ్ లోపలికి వెళ్ళి విచ్ -ఏ పైథాన్3 కొట్టు. /యూఎస్ఆర్/లోకల్/బిన్ ఒక్కటే రావాలి. /యూఎస్ఆర్/బిన్ కూడా వస్తే ఏపీటీ ఎక్కడో నీకు తెలియకుండా రెండో పైథాన్ తెచ్చింది, ఏ ప్యాకేజీ తెచ్చిందో వెతుకు. తర్వాత పైథాన్ -ఎమ్ పిప్ షో ఫ్లాస్క్ కొట్టి లొకేషన్ లైన్ చూడు, సైట్-ప్యాకేజెస్ అని ఉండాలి. డిస్ట్-ప్యాకేజెస్ అని కనిపిస్తే నువ్వింకా ఉబుంటు పైథాన్ మీదే ఉన్నావు. మీ క్లయింటు ఉబుంటు బేసే కావాలని పట్టుబడితే ఆ మాట ఇక్కడే రాయి, వెన్వ్‌తో ఉబుంటు 24.04 డాకర్‌ఫైల్ విడిగా పెడతాను. అందులో లిబ్‌పీక్యూ, పైథాన్3-వెన్వ్ దగ్గర ఒకట్రెండు మెలికలు ఉన్నాయి.